పక్షవాతం తర్వాత చొక్కా తొడిగించడం, పప్పు తూయించడం కూడా వైద్యమేనా?

మీరు అడిగిన దాని సారం ఇదీ. నాన్నగారికి 61 ఏళ్లు, ఊళ్లో కిరాణా కొట్టు. పక్షవాతం వచ్చి పది వారాలైంది, కుడి చెయ్యి, కుడి కాలు పడ్డాయి. చేతికర్రతో ఇంట్లో నడుస్తున్నారు. కుడి చెయ్యి భుజం దగ్గర కొంచెం లేస్తుంది. వేళ్లు ముడుచుకుంటాయి గానీ తెరుచుకోవడం తక్కువ. మాట బాగానే ఉంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్తే మిషన్లూ కరెంటు పెట్టడాలూ లేకుండా చొక్కా తొడిగించడం, అరటిపండు ఒలిపించడం, కందిపప్పు తూయించడం చేస్తున్నారు. "ముందు చెయ్యి బాగుపడాలి, పనులు ఆ తర్వాత కదా, దీనికి ఫీజు ఎందుకు?" అన్నది మీ ప్రశ్న. చివర్లో ఒక మాట రాశారు: ఆయనకు కష్టం కలగకుండా ఇంట్లో స్నానం నుంచి అన్నం ముద్ద దాకా అన్నీ మేమే చేసిపెడుతున్నామని.

థెరపిస్టు చేస్తున్నది సరైన పనే. నాకు ఆందోళన కలిగించింది ఆ చివరి మాట.

ముందు పేరుతో వచ్చే తికమక తీర్చుకుందాం. ఆక్యుపేషన్ అనగానే మనకు ఉద్యోగం గుర్తొస్తుంది. ఈ వైద్యంలో ఆ మాటకు అర్థం చాలా పెద్దది. పొద్దున పళ్లు తోముకోవడం, బొట్టు పెట్టుకోవడం, దేవుడి ముందు దీపం వెలిగించడం, మనవడికి లెక్కలు చెప్పడం, కొట్లో చిల్లర ఎంచడం, ఆదివారం చింతచెట్టు కింద పేకాట, అన్నీ ఆక్యుపేషన్లే. మనిషి రోజును నింపే పని ఏదైనా సరే. ఈ వృత్తికి సంఘం పుట్టింది 1917 మార్చిలో, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో. దాన్ని కూడగట్టిన జార్జ్ బార్టన్ అనే ఆయన డాక్టరు కాదు, ఇళ్ల ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. క్షయ పట్టుకుంది, పాదం కొంత తీసేశారు, తర్వాత ఎడమ పక్క పడిపోయింది. తోటపనితో, వడ్రంగంతో తన శరీరాన్ని తానే మళ్లీ పనిలో పెట్టుకున్నాడు. మన దేశానికి దీన్ని తెచ్చింది కమలా నింబ్కర్. బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో 1950లో శిక్షణ మొదలైంది. అంటే చొక్కా తొడిగించడం మీ థెరపిస్టు సొంత కనిపెట్టుడు కాదు, వందేళ్ల పైబడిన పద్ధతి.

ఇక అసలు విషయం, పని వల్ల చెయ్యి ఎలా వస్తుంది అన్నది. పక్షవాతంలో దెబ్బతిన్నది చెయ్యి కాదు, చేతిని నడిపే మెదడు భాగం. పక్కనున్న భాగాలు కొంతమేర ఆ బాధ్యత నేర్చుకోగలవు. కానీ నేర్చుకోవాలంటే వాటికి అవసరం కనబడాలి, అదే అవసరం పదే పదే ఎదురవ్వాలి. మొదటి వారాల్లో కుడి చేత్తో ఏది ప్రయత్నించినా విఫలమవుతుంది, ఎడమ చేత్తో చేస్తే అయిపోతుంది. లేదా మీరు చేసిపెడితే అయిపోతుంది. మెదడు దీన్నే పాఠంగా తీసుకుంటుంది: కుడి చెయ్యి పిలవనక్కర్లేదు అని. తర్వాత నెలల్లో కండలో కొంత కదలిక తిరిగొచ్చినా ఆ చెయ్యి వాడకంలోకి రాదు. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త దీన్ని నేర్చుకున్న వాడకపోవడం అన్నాడు. పరీక్ష బల్ల మీద వేళ్లు కదుపుతారు, ఇంట్లో మాత్రం ఆ చెయ్యి ఒళ్లో పడుకుని ఉంటుంది. ఇలాంటి వాళ్లు చాలామంది. ప్రేమతో చేసే సేవ ఈ పాఠాన్ని రోజుకు ఇరవై సార్లు గట్టిపరుస్తుంది. మీ చివరి మాట చూసి ఆందోళన అన్నది అందుకే.

"సరే, వాడాలి. అయితే గాల్లో చెయ్యి ఎత్తించి దించితే చాలదా, పప్పు ఎందుకు?" అనొచ్చు. ఊరికే చెయ్యి ముందుకు చాపమన్నప్పుడు భుజం పైకి ఎగదోసుకుని, నడుము వంచి, ఎలాగో చాపుతారు. ఎదురుగా టీ గ్లాసు పెట్టి అందుకోమంటే కదలిక నేరుగా, సాఫీగా వస్తుంది. ఎక్కడ ఆగాలో, అరచెయ్యి ఎంత తెరవాలో, ఎంత గట్టిగా పట్టాలో వస్తువే చెబుతుంది. పని అయిందో లేదో కూడా వస్తువే చెబుతుంది, పక్కన ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు. ఇంకోటి, లెక్క. పక్షవాతం రోగుల థెరపీ సెషన్లను గమనించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చేతికి పని రూపంలో దొరికిన అభ్యాసం సెషన్‌కు సగటున 32 సార్లే. మెదడు మార్పులు చూపించిన జంతు ప్రయోగాల్లో రోజుకు కొన్ని వందల సార్లు చేయిస్తారు. ఇప్పుడు మీ కొట్లో లెక్క వేయండి. ఐదు కిలోల కందిపప్పును పావుకిలో చొప్పున కడితే 20 ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్‌కు పప్పు తీయడానికి ఒకసారి, కాటా మీద పెట్టడానికి ఒకసారి, పక్కన సర్దడానికి ఒకసారి చెయ్యి చాపాలి. అరవై సార్లు అయింది. అరవై సార్లు గాల్లో చెయ్యి ఎత్తండి అంటే ఇరవైకే విసుగొచ్చి మానేస్తారు.

ఊరికే ఏదో ఒకదాంతో తీరిక లేకుండా ఉంచితే చాలనుకోవద్దు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్లోరెన్స్ క్లార్క్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనం ఉంది. సొంతంగా బతుకుతున్న 361 మంది వృద్ధులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుతో తొమ్మిది నెలలు థెరపిస్టులు కూర్చుని ఎవరి రోజు ఎలా సాగుతోంది, ఏది అడ్డం పడుతోంది, ఏ పని వదిలేశారు, ఎలా తిరిగి పెట్టుకోవచ్చు అని పని చేశారు. రెండో గుంపుకు ఆటలు, సినిమాలు, విహారాలు. మూడో గుంపుకు ఏమీ లేదు. చివరికి మొదటి గుంపు ఆరోగ్యం మిగతా రెండు గుంపుల కన్నా మెరుగ్గా ఉంది. కాలక్షేపం దొరికిన రెండో గుంపు, ఏమీ దొరకని మూడో గుంపు కన్నా మెరుగ్గా లేదు. మీ నాన్నగారి చేతికి రంగుల పూసలు, పిల్లల బిల్డింగ్ బ్లాకులు ఇస్తే విసిరికొట్టారని రాశారు కదా. నలభై ఏళ్లు కొట్టు నడిపిన మనిషికి అవి అవమానంగా తోస్తాయి. పప్పు తూయమంటే తూస్తున్నారు. ఆ తేడా చిన్నది కాదు.

ఇక చేసే పద్ధతి. అన్నీ ఒక్కరోజు మొదలుపెట్టకండి. నా సలహా, మొదటి పది రోజులు చొక్కా ఒక్కటే.

వీపు ఆనే, కదలని కుర్చీలో కూర్చోబెట్టండి, పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి. మంచం అంచున వద్దు, పరుపు కుంగితే కుడి పక్కకు ఒరుగుతారు. ప్లాస్టిక్ కుర్చీ అయితే గోడకు ఆనించి వేయండి, నున్నటి టైల్స్ మీద జారుతుంది. చొక్కా ఒక సైజు పెద్దది, హాఫ్ హ్యాండ్స్, ముందు పూర్తిగా తెరిచేది. దాన్ని తొడల మీద లోపలి వైపు పైకి ఉండేలా పరచాలి. కుడి స్లీవ్ రెండు మోకాళ్ల మధ్యకు వేలాడాలి. ఆయన ఎడమ చేత్తో కుడి మణికట్టును పట్టుకుని స్లీవ్ నోట్లోకి దించి, నెమ్మదిగా ముందుకు వంగాలి. వంగినప్పుడు కుడి చెయ్యి తన బరువుతో తానే కిందికి సాగుతుంది, బిగిసిన మోచెయ్యి కూడా తెరుచుకుంటుంది. స్లీవ్‌ను ఎడమ చేత్తో మోచెయ్యి దాటించి భుజం దాకా లాగాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మోచెయ్యి కిందే ఆపేసి వెనక నుంచి లాగుతారు, చొక్కా వీపు మీద ఇరుక్కుంటుంది, కోపం వస్తుంది, మీరు అందుకుని తొడిగేస్తారు. భుజం దాకా వచ్చాకే కాలర్ పట్టుకుని మెడ వెనకగా తిప్పి ఎడమ చెయ్యి దూర్చాలి. గుండీలు కింది నుంచి పైకి పెట్టాలి, కింది గుండీ కంటికి కనబడుతుంది, ఎగుడుదిగుడు కాదు. కుడి చేతికి ఇక్కడ కూడా పని ఉంది: చొక్కా అంచును తొడ మీద అదిమి పట్టుకోవడం. విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది, ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి చివర. మొదట్లో ఇరవై నిమిషాలు పట్టినా సరే, స్నానానికి ముందు తొందర లేని వేళ పెట్టుకోండి. గుండీలు మరీ ఇబ్బందైతే పైన గుండీలు అలాగే ఉంచి లోపల వెల్క్రో కుట్టించండి, టైలర్‌కు అరగంట పని. బనియన్ ఇప్పుడే వద్దు, అది దీనికన్నా కష్టం.

లుంగీ గురించి ఒక హెచ్చరిక. లుంగీ కట్టాలంటే నిలబడి రెండు చేతులూ వదలాలి, అది ఇప్పుడాయనకు కుదరని పని. సగం కట్టిన లుంగీ జారి కాలికి తట్టుకుంటే పడతారు. లుంగీకే నడుం దగ్గర ఎలాస్టిక్ వేయించి, కూర్చునే కుడి కాలు ముందు దూర్చి తొడల దాకా లాక్కుని, ఒక్కసారి నిలబడి పైకి లాక్కునేలా చేయండి.

మీరు సాయం చేసే తీరు కూడా మారాలి. ఆయన ఆగిపోగానే చెయ్యి వేయకుండా మనసులో పది దాకా లెక్కపెట్టండి. అప్పటికీ కాకపోతే మాటతో చెప్పండి. మాటతో కాకపోతే స్లీవ్‌ను కొంచెం తెరిచి పట్టుకోండి. చివరికి మాత్రమే చేతులతో చేయండి. అదీ మిగిలిన పనంతా కాదు, ఆగిన ఆ ఒక్క అడుగే. పది ప్రయత్నాల్లో ఏడెనిమిది సార్లు సొంతంగా కుదిరితే పని సరైన కష్టంలో ఉందని గుర్తు. పదికి పదీ అయితే తేలికైంది, కొంచెం కష్టం పెంచండి. నాలుగే అయితే పనిని ముక్కలు చేసి ఒక ముక్కే ఇవ్వండి.

స్నానం. 17, 18 అంగుళాల ఎత్తు స్టూలు, కాళ్లకు రబ్బరు బుడిపెలు ఉన్నది. బకెట్ నేల మీద ఉంటే వంగాలి, తూలుతారు. దాన్ని చిన్న పీట మీద, ఆయనకు ఎడమ పక్కన పెట్టండి. మగ్గు సగమే నింపుకోవాలి. నీళ్ల వేడి ఎప్పుడూ ఎడమ చేత్తోనే చూడాలి, కుడి చేతికి స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: ఎడమ చెయ్యి ఒళ్లంతా తోముతుంది, ఎడమ చేతిని ఎవరు తోమాలి? సబ్బు రాసిన తుండును కుడి తొడ మీద పరిచి, ఎడమ చేతిని దాని మీద రుద్దుకుంటే సరిపోతుంది. కొంచెం పట్టు వచ్చాక, అరచేతికి సరిపోయే బట్ట సంచి కుట్టి కుడి చేతికి తొడిగి, ఎడమ చేత్తో నడిపిస్తూ ఛాతీ, పొట్ట రుద్దించండి. బాత్‌రూమ్ గడియ వేయవద్దు. నూనె అంటిన గచ్చును ముందురోజే సోడాతో కడిగేయండి. గోడకు పట్టుకునే రాడ్ బిగించాలంటే ఎడమ పక్కన, నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తులో, గోడలోకి బోల్టు దింపి బిగించాలి. టవల్ తగిలించే రాడ్ మనిషి బరువుకు ఊడొస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు.

అన్నం విషయంలో మన ఇళ్లలో వేరే సమస్య. ఎడమ చేత్తో తినడం ఆయనకు మనసొప్పదు, అందుకే మీరు కలిపి నోట్లో పెడుతున్నారు. మధ్యేమార్గం ఉంది. భోజనం మొదట్లో, ఆకలి మీద ఉన్నప్పుడు ఐదారు ముద్దలు కుడి చేత్తో, చెంచాతో. చెంచా కాడకు పాత సైకిల్ ట్యూబు ముక్కో, ఏసీ పైపుకు చుట్టే ఫోమ్ గొట్టమో తొడిగి అంగుళం మందం పైన చేయండి. సన్నటి కాడను వేళ్లు మూసి పట్టలేవు, లావు కాడను పడతాయి. అలసిపోయాక ఎడమ చేత్తో చెంచా, అప్పుడూ కుడి ముంజెయ్యి బల్ల మీదే ఉండాలి, ఒళ్లోకి జారనివ్వకండి. ఎత్తు అంచున్న కంచం, దాని కింద తడి గుడ్డ. మొదట పెరుగన్నం, ఉప్మా, గట్టి పప్పన్నం పెట్టండి. చెంచాకు అంటుకుంటాయి. సాంబారన్నం, చారన్నం ఇప్పుడు పెడితే సగం చొక్కా మీదే. తినేటప్పుడు దగ్గు వస్తున్నా, గొంతు తడిగా గరగరమంటున్నా ఇవన్నీ ఆపి ముందు మింగుడు పరీక్ష చేయించండి. తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము (న్యుమోనియా) వస్తుంది.

కొట్టు విషయానికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తాను, మీ చేతిలో ఉన్న అతి పెద్ద మందు అదే గనక.

దెబ్బతిన్న చేతికి మూడు మెట్ల ఉద్యోగాలుంటాయి. మొదటిది బరువుగా ఉండటం: కాగితం ఎగరకుండా, ఖాతా పుస్తకం జరగకుండా దాని మీద చెయ్యి పెట్టి ఉంచడం. ఏ కదలికా లేని చెయ్యి కూడా ఇది చేయగలదు. రెండోది పట్టి ఉంచడం: ఎడమ చెయ్యి మూత తిప్పుతుంటే కుడి చెయ్యి డబ్బాను పట్టుకోవడం. మూడోది తానే చేయడం: పప్పు తీయడం, బిళ్ల ఏరడం. మీరు రాసిన దాన్నిబట్టి నాన్నగారు రెండో మెట్టు మీదున్నారు, మూడో మెట్టుకు చూస్తున్నారు. చెయ్యి ఏ మెట్టులో ఉందో ఆ మెట్టు ఉద్యోగం ఇవ్వాలి. ఉద్యోగం లేకుండా మాత్రం ఏ పనిలోనూ ఉంచకూడదు.

పప్పు తూయడం ఇలా మొదలుపెట్టండి. గోనెసంచిలోంచి కాదు, నడుం ఎత్తు బల్ల మీద వెడల్పాటి బేసిన్‌లోంచి. బేసిన్ కింద తడి గుడ్డ. పప్పు తీసే స్కూపు కాడ లావుగా ఉండాలి. మొదటి వారం కుడి చెయ్యి కాడ మీద, దాని పైన ఎడమ చెయ్యి, రెండూ కలిసి. తర్వాత ఎడమ చెయ్యి మణికట్టు కిందికి జారి ఆసరాగా మాత్రమే. ఆ తర్వాత కుడి చెయ్యి ఒక్కటే, స్కూపులో పావు వంతు పప్పుతో. కాటాను మొదట బేసిన్ పక్కనే పెట్టండి, వారానికి రెండంగుళాలు దూరం జరపండి. అలా జరిపే దూరమే మీ వ్యాయామం. కుడి భుజం చెవి వైపు ఎగదోసుకుంటూ, ఒళ్లంతా వంచి అందుకుంటున్నారంటే దూరం ఎక్కువైంది, వెనక్కి జరపండి. అలా వంకరగా చేసిన కదలికే అలవాటైపోతే తర్వాత వదిలించడం కష్టం.

వేళ్లు ముడుచుకుని తెరుచుకోవడం లేదన్నారు. పప్పు పనిలో అసలు కిటుకు పట్టుకోవడంలో లేదు, వదలడంలో ఉంది. ప్యాకెట్‌ను పక్కన పెట్టి వేళ్లు వదిలేటప్పుడు తొందరపెట్టవద్దు. మణికట్టును కొంచెం కిందికి వంచితే వేళ్లు సులువుగా తెరుచుకుంటాయి, అది చూపించండి. చాలామంది మెత్తటి బంతి కొనిచ్చి రోజంతా పిసకమంటారు. మూసుకోవడం ఇప్పటికే ఎక్కువైన చేతికి మళ్లీ మూసుకోవడమే నేర్పడం అది. బంతిని బుట్టలోకి వదలమంటే కొంత అర్థముంది.

చిల్లర ఎంచడం మంచి మెట్టు. పది రూపాయల బిళ్లతో మొదలుపెట్టండి, రూపాయి బిళ్ల పలచన, చాలా కష్టం. బల్ల మీంచి ఎత్తలేకపోతే అంచుదాకా జరిపి అక్కడ బొటనవేలితో పట్టుకోవాలి. "నలభై ఏడు రూపాయలకు వందిచ్చారు" అంటే మనసులో లెక్క, నోటితో మాట, చేతితో చిల్లర, ఎదుటి మనిషి ముఖం, అన్నీ ఒకేసారి. ఇన్నిటినీ కలిపి పరీక్షించే మిషను ఏ ఆసుపత్రిలోనూ లేదు. లెక్క తప్పుతున్నారా, ఒక పక్క పెట్టిన వస్తువులు గమనించడం లేదా అన్నది కూడా ఇక్కడే బయటపడుతుంది. కనబడితే థెరపిస్టుకు చెప్పండి, డబ్బు దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టకండి.

కొట్లో ఎంతసేపు? మొదటి రెండు వారాలు రోజుకు అరగంట, జనం పలచగా ఉండే వేళ. పొద్దున పాలు, బ్రెడ్ల రద్దీ వద్దు, మధ్యాహ్నం భోజనం కాగానే వద్దు. పది, పదకొండు గంటల మధ్య చాలా కొట్లకు అనువు. గల్లాపెట్టె వెనక కింద చాప మీద కూర్చునే అలవాటుంటే మార్చాలి. నేల మీంచి లేవడానికి ఆయన్ను మీరు చంకలో చెయ్యి వేసి లాగాల్సి వస్తుంది. మోకాలి ఎత్తుకు సీటుండే, చేతులున్న కుర్చీ వేయండి. పక్షవాతం అలసట ఒళ్లు నొప్పిలాంటిది కాదు, ఉన్నట్టుండి స్విచ్ ఆపినట్టు వస్తుంది. సున్నా నుంచి పది దాకా అలసట ఎంత అని అడగండి. ఐదు దాటితే ఆపి పడుకోబెట్టండి. ఈరోజు ఎక్కువ చేసి రేపంతా మంచాన ఉంటే లాభం లేదు. అరగంట హాయిగా సాగితే వారానికి పది నిమిషాలు పెంచండి.

పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి కుంగుబాటు వస్తుంది. "ఆయన ఏమీ మాట్లాడరు, టీవీ ముందే కూర్చుంటారు" అన్నారు. కొట్లో నలుగురు "ఏం శెట్టిగారూ, కులాసానా" అని పలకరిస్తే ఆ మార్పు వేరు. కానీ పనితో తగ్గకపోతే, తిండి, నిద్ర పాడైతే, డాక్టరుకు చెప్పండి. మందు అవసరమైన చోట పప్పు తూయడం చాలదు.

తప్పులు జరిగే చోట్లలో అన్నిటికన్నా ముందుంచేది భుజం. పడిన భుజం కీలు వదులుగా ఉంటుంది. కుర్చీలోంచి లేపడానికి కుడి చెయ్యి పట్టి లాగినా, చంకలో చెయ్యి వేసి ఎత్తినా కీలు జారి నొప్పి మొదలవుతుంది, నొప్పి వచ్చిన చేతిని ఆయనిక ఏ పనికీ ఇవ్వరు. లేపాలంటే నడుం దగ్గర పట్టుకోండి, పాదాలు మోకాళ్ల కన్నా వెనక్కి జరిపించి, ముక్కు పాదాల వేళ్ల మీదకు వచ్చేలా ముందుకు వంగి లేవమనండి. తలుపుకు కప్పీ, తాడు కట్టి మంచి చేత్తో పడిన చేతిని పైకి లాగే ఏర్పాటు ఊళ్లలో ఇప్పటికీ చేస్తారు. తీసేయండి. భుజం ఎముక తిరగకుండా చెయ్యి మాత్రం పైకి పోయి కండరం నలుగుతుంది.

మంచి చెయ్యి కట్టేసి పడిన చెయ్యే వాడించే వీడియోలు చూసి ఉంటారు. అది నిజమైన పద్ధతే, దాని మీద గట్టి పరిశోధన ఉంది. కానీ మణికట్టు సుమారు 20 డిగ్రీలు, వేళ్లు సుమారు 10 డిగ్రీలు సొంతంగా పైకి లేచేవాళ్ల మీద జరిగింది అది. రెండు వారాలు, రోజుకు ఆరు గంటలు, థెరపిస్టు సమక్షంలో. మీ నాన్నగారి వేళ్లు ఇంకా ఆ మేరకు తెరుచుకోవడం లేదు, చేతికర్ర మీద నడుస్తున్నారు. ఇంట్లో ఎడమ చెయ్యి కట్టేస్తే కర్ర పట్టుకునే చెయ్యే పోతుంది.

ఫిజియోథెరపీ మానేయమని ఇందులో ఎక్కడా అర్థం లేదు. కాలి బలం, నడక, కీళ్లు బిగుసుకోకుండా సాగదీయడం అక్కడి పని. మానేస్తే ఇక్కడి పని కూడా ఆగుతుంది. పని చేసేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా చూడండి, బీపీ ఎగబాకుతుంది. మాట తడబడటం, మూతి వంకరపోవడం, కొత్తగా బలహీనత, భరించలేని తలనొప్పి, వీటిలో ఏది కనబడినా అలసట అనుకుని పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

అమ్మగారి సంగతి మీరు రాయలేదు గానీ అడగాల్సిన విషయం. పది వారాలుగా స్నానం, బట్టలు, తిండి ఆమే చూస్తుంటే ఆమె నడుం, నిద్ర ఏమయ్యాయి? పొద్దున గుడికి వెళ్లడం, పక్కింటామెతో పూలు కట్టడం మానేశారా? అవీ ఆక్యుపేషన్లే, అవి పోతే ఆమె ఆరోగ్యమూ పోతుంది. నాన్నగారు చొక్కా తనే తొడుక్కునే ఆ ఇరవై నిమిషాలు ఆమెకు ఇవ్వండి. ఆమె గదిలో లేకపోతే ఆయన సాయం అడగడం కూడా తగ్గుతుంది.

బాగవుతోందో లేదో తెలుసుకోవడానికి చెయ్యి ఎంత ఎత్తు లేచిందని రోజూ చూడకండి. ఈ వృత్తిలో కెనడా వాళ్లు 1991లో తెచ్చిన ఒక కొలత ఉంది, దాని పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది. నాన్నగారినే అడగండి, మీకు ముఖ్యమైన పనులు ఐదు చెప్పమని. మీరు ఎంచవద్దు. ఒక్కోదానికి ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నారు, దాంతో ఎంత తృప్తిగా ఉంది అని ఒకటి నుంచి పది మార్కులు వేయించి తేదీతో రాయండి. నెలా, నెలన్నర తర్వాత పాత మార్కులు చూపించకుండా మళ్లీ వేయించండి. సగటున రెండు మార్కులు పెరిగితే అది లెక్కలోకి వచ్చే మార్పు. ఆయన చెప్పే ఐదింటిలో మీరు ఊహించనిది ఒకటి ఉండొచ్చు, గడ్డం తనే గీసుకోవడమో, సంతకమో. దాన్నే ముందు పెట్టుకోండి.

ఈసారి థెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన రోజూ వేసుకునే చొక్కా, తినే కంచం, కొట్లో పప్పు తీసే స్కూపు సంచిలో వేసుకుని వెళ్లండి. బాత్‌రూమ్, గల్లాపెట్టె, మెట్ల ఫోటోలు ఫోన్లో తీసి, తలుపు వెడల్పు, మంచం ఎత్తు, కమోడ్ ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. "ఇంట్లో ఇది చేస్తుంటే ఇక్కడ ఆగిపోతున్నారు" అని ఒకే ఒక్క పని గురించి చెప్పి, ఆ అడుగు మీ ముందే చేయించమనండి.